డేవిడ్ రికార్డో

అర్థశాస్త్రమును తమంతట తాము చదువగోరు పై తరగతుల విద్యార్థులు, మొదట నే గ్రంథమును చేపట్టవలెనని నన్ను తఱచుగా నడుగుచుందురు. గ్రంథముల పట్టికకు బదులు వారికి నేను డేవిడ్ రికార్డో చరిత్రమును చెప్పుచుందును.

ఇతడు 1772 వ సంవత్సరమున లండను నగరమునందు యూదుల కుటుంబమున జన్మించెను. తండ్రి హాలెండు నుండి వచ్చి స్థిరపడిన షేరుదళ్లాలి. పదునాలుగవ యేటనే కుమారుని తన వ్యాపారమున చేర్చుకొనెను గాన రికార్డోకు కాలేజీ చదువు లేదు. ఇరువదియొకటవ యేట క్వేకరు కుటుంబపు కన్యను వివాహమాడుటచే తలిదండ్రు లతనిని విడనాడిరి. బజారులో నతని నిజాయితీ నెఱిగినవారు తోడ్పడగా స్వంతముగా వ్యాపార మారంభించి, కొలది యేండ్లలోనే ధనవంతుడయ్యెను. తీరికవేళల గణితమును రసాయనశాస్త్రమును చదువుకొనుచుండెను.

1799 లో భార్య యస్వస్థురాలగుటచే బాత్ పట్టణమున నుండగా, అచటి అద్దె గ్రంథాలయమున ఆడమ్ స్మిత్ 1776 లో ప్రకటించిన దేశసంపదను గూర్చిన గ్రంథ మతని కంటబడెను. రెండుమూడు పుటలు త్రిప్పిచూచి, బసకు పంపుడని చెప్పెను. అది బాలశిక్ష కాదు. మిక్కిలి పెద్ద గ్రంథము. అయినను ధరలు, వడ్డీ, హుండీల మారకము దినదినము కన్నులార చూచినవాడగుటచే ప్రతి వాక్యమును తన యనుభవముతో సరిచూచుకొన గలిగెను. మన విద్యార్థులకు బజారు లేదా? వారపు సంత చాలును.

చదివిన వెంటనే కలము పట్టలేదు. పదియేండ్లు గడచెను. ఫ్రాన్సుతోడి యుద్ధకాలమున, 1797 లో, బ్యాంకు ఆఫ్ ఇంగ్లండు తన నోట్లకు బంగార మిచ్చుట మానెను. పిమ్మట బంగారము ధర పెరిగెను. బంగారమే ప్రియమైనదని పలువు రనిరి. నోట్లు మితిమీరుటచే నోటు విలువయే తగ్గినదని రికార్డో 1809 లో మార్నింగ్ క్రానికిల్ పత్రికయందు వాదించెను. మరుసటి యేట పార్లమెంటు సంఘ మొకటి యించుమించుగా నట్లే తేల్చెను గాని, సభ యంగీకరింపలేదు. బంగారపు చెల్లింపు 1821 లో గాని పునరుద్ధరింపబడలేదు.

వ్రాయుట తనకు చేతగాదని యతడు వెనుదీయుచుండగా, మిత్రుడు జేమ్సు మిల్లు విడువక ప్రోత్సహించెను. ఇట్లు 1817 లో నతని ప్రధానగ్రంథము వెలువడెను. అందలి యుదాహరణ మొకటి ప్రసిద్ధము. ఒక పరిమాణపు బట్టకు ఇంగ్లండులో 100 మంది యొక యేడు పనిచేయవలెను, ద్రాక్షారసమునకు 120 మంది. పోర్చుగల్లులో బట్టకు 90, ద్రాక్షారసమునకు 80. రెంటను పోర్చుగల్లే మేలైనను, ద్రాక్షారస మమ్మి బట్ట కొనుటయే దానికి లాభమని యతడు చూపెను. కాగితముపై లెక్క వేసిననే గాని యిది బోధపడదు. ఆరంభకుల కీ గ్రంథము నేను చేతికీయను.

అయితే మిల్లు నాకంటె కఠినుడు. 1819 లో తన పదుమూడేండ్ల కుమారుడు జాన్ స్టూవర్టునకు షికారు నడకలలో రికార్డో సిద్ధాంతములను బోధించి, మరునాడు వానిని వ్రాయించుచుండెను. తరువాతనే స్మిత్ గ్రంథమును చదివించి, రికార్డోతో పోల్చి లోపములు వెదకించెను. ఆ యేడే పార్లమెంటు సభ్యుడైన రికార్డో, ఆ బాలుని తన యింటికి పిలిచి, వెంట నడిపించుకొనుచు శాస్త్రవిషయములు ముచ్చటించెడివాడు.

యంత్రములు కూలివారికి చెఱుపు చేయవని తాను తలచినది పొరపాటని, 1821 నాటి మూడవ కూర్పున క్రొత్త యధ్యాయము చేర్చి యొప్పుకొనెను. ఈ యొక్క పనికే యతనిని నేను మిక్కిలి గౌరవింతును.

హేలీబరీలో, మన దేశమునకు రానున్న కంపెనీ యుద్యోగులకు పాఠములు చెప్పుచుండిన మాల్థసు పాదిరితో నతనికి జీవితాంతము వాదమే, జీవితాంతము స్నేహమే. 1823 ఆగస్టు చివర నతనికి వ్రాసిన తుదియుత్తరమునను విలువను గూర్చిన వాదమే కలదు. చెవినొప్పిచే సెప్టెంబరు 11 వ తేదీన గాట్కూంబు పార్కులోని తన గృహమున రికార్డో మరణించెను.