ఏఎస్ రావు: బోర్డు మనమే చేద్దామన్న మనిషి

కోచింగ్ కోసమో, ఇంటర్వ్యూ కోసమో హైదరాబాద్ వెళ్లినవాళ్లకు ఏఎస్ రావు నగర్ తెలిసే ఉంటుంది. హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, సిటీ బస్సులు.. అన్నీ తెలుసు. ఆ పేరు ఎవరిదని మాత్రం పెద్దగా ఎవరూ అడగరు. మీరు తిరుపతిలోనో చిత్తూరులోనో ఈసీఈ చదువుతూ, మూడు నాలుగు మైక్రోకంట్రోలర్లను ఒకే బస్ మీద కలిపే బోర్డు సొంతంగా చేయాలనుకుంటున్నారా? అయితే ఆయన గురించి ముందు తెలుసుకోవాల్సింది మీరే. (ఇక్కడ బస్ అంటే ఆర్టీసీది కాదు లెండి, చిప్‌లన్నీ పంచుకునే తీగలు.)

ఆయన పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు. 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్లులో పుట్టారు. బనారస్ హిందూ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి, అక్కడే కొన్నేళ్లు పాఠాలు చెప్పారు. 1946లో టాటా స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లి స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చేశారు. అప్పటికి ఆయనకు ముప్పై దాటాయి. డిగ్రీ అయ్యాక రెండేళ్లు గ్యాప్ వచ్చిందని దిగులుపడేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవచ్చు.

తిరిగొచ్చి హోమీ భాభా దగ్గర చేరారు. కాస్మిక్ కిరణాల పరిశోధన అంటే వినడానికి భౌతికశాస్త్రం, చేతికొచ్చేసరికి అది ఎలక్ట్రానిక్సే. కిరణం తగిలినప్పుడు డిటెక్టర్‌లో పుట్టే చిన్న పల్స్‌ను పట్టుకోవాలి, పెంచాలి, లెక్కపెట్టాలి. ఆ తర్వాత ట్రాంబేలో అణుశక్తి సంస్థ ఎలక్ట్రానిక్స్ విభాగం ఆయన చేతికి వచ్చింది.

అసలు పరీక్ష అక్కడే. ఆసియాలో మొదటిదైన అప్సర రియాక్టర్ 1956 ఆగస్టు 4న పనిచేయడం మొదలుపెట్టింది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. కంట్రోల్ వ్యవస్థను మాత్రం రావు బృందం ఇక్కడే తయారుచేసింది. ఆ పని ఎంతటిదో ఊహించండి. నీళ్ల కొలనులో ఉన్న రియాక్టర్‌లో ఎన్ని న్యూట్రాన్లు పుడుతున్నాయో డిటెక్టర్లు చెబుతుంటాయి. ఆ సంకేతం చాలా బలహీనం. పక్కనే మోటార్లు, పంపులు, పొడవాటి కేబుళ్లు. ఆ గోలలోంచి అసలు సంకేతాన్ని వేరుచేసి కంట్రోల్ రూమ్‌కు చేర్చాలి. హద్దు దాటితే కంట్రోల్ రాడ్లు వాటంతటవే పడి రియాక్టర్ ఆగిపోవాలి. వచ్చిన సంకేతం నిజమా, నాయిసా అన్నది తేలకపోతే ఆటే లేదు.

మీ టేబుల్ మీద ఉన్నదీ చిన్న సైజులో అదే సమస్య. మూడు ఆర్డునో నానోలు తెచ్చారనుకోండి. నానోలో క్యాన్ ఉండదు కాబట్టి ఒక్కోదానికి ఎంసీపీ2515 కంట్రోలర్, ఒక ట్రాన్సీవర్ ఉన్న మాడ్యూల్ తగిలిస్తారు. బ్రెడ్‌బోర్డు మీద జానెడు తీగలతో అంతా బాగానే నడుస్తుంది. తీగ పది మీటర్లు చేసి, పక్కన ఒక మోటార్ ఆన్ చేయండి. అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

కార్ల కోసం బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన క్యాన్ బస్ పుట్టింది ఇలాంటి చోట పనిచేయడానికే. రెండు తీగలు ఒకదాన్నొకటి మెలివేసుకుని ఉంటాయి. నాయిస్ వస్తే రెండింటి మీదా ఒకేలా పడుతుంది, ట్రాన్సీవర్ రెండింటి తేడానే చూస్తుంది కాబట్టి అది కొట్టుకుపోతుంది. బస్‌కు రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉండాలి, మధ్యలో ఉండకూడదు. చౌకగా దొరికే మాడ్యూళ్లలో చాలావాటి మీద ఈ రెసిస్టర్, దానికో జంపర్ ముందే ఉంటాయి. మూడింటి మీదా జంపర్ అలాగే వదిలేసేవాళ్లు ఎక్కువ. పవర్ తీసేసి రెండు తీగల మధ్య మల్టీమీటర్ పెట్టండి. 60 ఓమ్‌లు చూపిస్తే సరే. 40 చూపిస్తే మధ్యలో ఒకటి ఎక్కువుంది, 120 చూపిస్తే ఒక చివర లేదు.

ఇద్దరు ఒకేసారి మాట్లాడితే? క్యాన్‌లో 0 బలమైన బిట్, 1 బలహీనమైన బిట్. రెండు నోడ్లు ఒకేసారి మొదలుపెడితే చిన్న ఐడీ ఉన్న సందేశమే నిలుస్తుంది, రెండోది నోరు మూసుకుని తన వంతు కోసం ఆగుతుంది. ఏ సందేశమూ చెడిపోదు. అందుకే అత్యవసరమైన సందేశానికి చిన్న ఐడీ ఇవ్వాలి. ఇంటర్వ్యూలో ఈ ముక్క అడిగితే, బోర్డు చేసినవాడు చెప్పే తీరు వేరు, చదివినవాడు చెప్పే తీరు వేరు.

రావు కథకు వద్దాం. 1962 చైనా యుద్ధం మన ఎలక్ట్రానిక్స్ ఎంత వెనకబడి ఉందో చూపించింది. 1963లో ప్రభుత్వం భాభా అధ్యక్షతన నలుగురితో కమిటీ వేసింది. విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతంతో పాటు రావు అందులో ఉన్నారు. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో పోయారు. పని ఆగలేదు. 1967 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ మొదలైంది, దాన్ని నడిపించే బాధ్యత రావుది. ల్యాబ్‌లో ఒక్కటి చేయడం వేరు, ఫ్యాక్టరీలో వందలు చేయడం వేరు. రియాక్టర్ పరికరాలు, టీవీలు, 1969లో టీడీసీ-12 కంప్యూటర్, తర్వాత టీడీసీ-312, 316.. వరసగా వచ్చాయి.

అన్నీ గెలిచాయని చెప్పడం అబద్ధమవుతుంది. టీడీసీ కంప్యూటర్లు ఖరీదెక్కువనీ, బయటి ప్రపంచం కంటే వెనకబడ్డాయనీ అప్పట్లోనే విమర్శలొచ్చాయి. 1970ల చివర్లో మినీ కంప్యూటర్ల రంగంలోకి ప్రైవేటు కంపెనీలు వచ్చేసరికి పోటీ గట్టిదైంది. ఆ విమర్శలో న్యాయం ఉంది. కానీ ఆ యంత్రాలు చేస్తూ సర్క్యూట్ ఎందుకలా ఉందో తెలిసిన ఇంజినీర్ల తరం ఒకటి తయారైంది. నా లెక్కలో రావు అసలు సంపాదన అదే. 1965లో భట్నాగర్ అవార్డు, 1972లో పద్మభూషణ్ వచ్చాయి. 2003లో కన్నుమూశారు.

మన దగ్గర పరిస్థితి చూడండి. రేణిగుంట, వికృతమాల, శ్రీసిటీల్లో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలున్నాయి. ఎక్కువ ఉద్యోగాలు అసెంబ్లింగ్‌లో, టెస్టింగ్‌లో. అవి చిన్నవేం కాదు, కానీ లైన్‌లో ఫెయిలైన బోర్డును పక్కన పెట్టేవాడికీ, అది ఎందుకు ఫెయిలైందో చెప్పేవాడికీ జీతంలో తేడా ఉంటుంది. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి తగులుతుంది. అక్కడి ఎంఎస్టీ రాడార్‌లో 1024 యాంటెన్నాలు. అన్నీ తాళం తప్పకుండా కలిసి పనిచేస్తేనే ఆకాశంలో గాలి కదలిక కనబడుతుంది. నాలుగు నోడ్లను కలపడానికి తంటాలు పడినవాళ్లకు ఆ 1024 అంటే ఏమిటో అర్థమవుతుంది.

ఇంకొకటి మీరు చేత్తో ముట్టుకున్నదే. ఈసీఐఎల్ 1979లో ఓటింగ్ యంత్రం నమూనా తయారుచేసింది. ఈవీఎంలు ఇప్పటికీ చేస్తున్న రెండు సంస్థల్లో అదొకటి. మీరు ఓటేసినప్పుడు నొక్కిన బ్యాలెట్ యూనిట్ నుంచి అధికారి ముందున్న కంట్రోల్ యూనిట్‌కు ఐదు మీటర్ల కేబుల్ వెళుతుంది. నోటాతో కలిపి అభ్యర్థులు పదహారు దాటితే ఇంకో బ్యాలెట్ యూనిట్‌ను దానికి తగిలిస్తారు.