బేబ్ డిడ్రిక్సన్ జహారియస్

గోల్ఫు మన పల్లెలలో ఆడు ఆట కాదు. విశాలమైన పచ్చిక మైదానమున దూరదూరముగా పద్దెనిమిది గుంటలు ఏర్పరచి యుంచెదరు. చిన్న గట్టి బంతిని కర్రతో కొట్టుచు, ఎవరు తక్కువ దెబ్బలతో దానిని అన్ని గుంటలలోను పడవేయుదురో వారిదే గెలుపు. ఇందు ఎదుటివానిని త్రోయుట లేదు. పరుగెత్తవలసిన పనియు లేదు. దేహబలమున్న మంచిదే కాని, చూపును, ఓర్పును, చేతి నిలుకడయు అంతకంటె ముఖ్యము. ఇట్టి ఆటనుండి స్త్రీలను దూరముగా నుంచుటకు కారణమేమని మీకు తోచవచ్చును. కాని ఉంచిరి. ఈ ఆటకు పుట్టినిల్లని పేరుపొందిన స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ పట్టణమున 1867లో స్త్రీలకొక క్లబ్బు ఏర్పడినను, వారికి దొరకినది బంతిని మెల్లగా దొర్లించుకొను చిన్న పచ్చిక మాత్రమే. కర్రను భుజముపైకెత్తి కొట్టుట స్త్రీలకు సొంపు కాదని పెద్దమనుష్యులు తలచువారు. 1893లో బ్రిటనులోని స్త్రీలు తమ సంఘమును తామే స్థాపించుకొని పోటీలు నడుపసాగిరి. ఐనను అది చాలకాలము కలవారి ఇండ్ల ఆడువారికి పొద్దుపుచ్చు వినోదముగానే యుండెను. అమెరికాలోను అంతే. ఆ దడిని దాటి లోపలికి వచ్చిన ఒక పేద వడ్రంగి కూతురు మిల్‌డ్రెడ్ డిడ్రిక్సన్.

ఆమె 1911 జూన్ 26న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున పోర్ట్ ఆర్థర్ అను రేవుపట్టణమున జన్మించెను. తలిదండ్రులు నార్వే దేశమునుండి వలసవచ్చినవారు. తండ్రి ఓడలలో వడ్రంగపు పని చేసినవాడు. ఏడుగురు సంతానములో ఆమె ఆరవది. కొలది కాలమునకు కుటుంబము సమీపముననున్న బోమాంట్ నగరమునకు తరలిపోయెను. అచ్చట వీధిలోని ఇండ్లముందు వరుసగా మొక్కల దడులుండెడివి. బాలిక ప్రతిదినము ఆ దడులమీదుగా దూకుచు పరుగెత్తెడిది. ఒక యింటివారి దడి మిగిలినవానికంటె ఎత్తుగా నుండగా, వారిని అడిగి దానిని సమముగా కత్తిరింపించుకొనెను. మగపిల్లలతో బేస్‌బాల్ ఆడి బంతిని బహుదూరము కొట్టెడిదగుటచే, ఆనాటి ప్రసిద్ధ క్రీడాకారుడు బేబ్ రూత్ పేరుమీదుగా ఆమెకు బేబ్ అను పేరు వచ్చినదని చెప్పుదురు.

1930లో డల్లాస్ నగరమునందలి ఒక భీమా సంస్థ ఆమెకు నెలకు 75 డాలర్ల జీతముపై కొలువిచ్చెను. పేరునకది కార్యాలయపు పని. నిజమునకు సంస్థవారి బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుటకు. 1932 జూలైలో ఇల్లినాయ్ రాష్ట్రమున జరిగిన జాతీయ పోటీలకు ఆ సంస్థ తన పక్షమున ఆమె నొక్కర్తెనే పంపెను. ఇతర సంస్థల జట్టులలో పదుల సంఖ్యలో క్రీడాకారిణు లుండిరి. ఒక్క మధ్యాహ్నమున ఆమె ఎనిమిది పోటీలలో పాల్గొని, ఐదింట గెలిచి, ఒకదానిలో మరియొకరితో సమానముగా మొదట నిలిచి, 30 అంకములు సంపాదించెను. ఇరువదిఇద్దరున్న జట్టునకు వచ్చినవి 22 అంకములే! ఆ వెంటనే లాస్ ఏంజెలిస్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. ఒక స్త్రీ మూడు పోటీలకు మించి పాల్గొనరాదని ఆనాటి నియమము. ఆ మూడింటిలో బల్లెము విసరుటయందును, 80 మీటర్ల అడ్డంకుల పరుగునందును స్వర్ణపతకములు, ఎత్తుదూకుటయందు రజతపతకము ఆమెకు లభించెను.

ఇంత కీర్తి వచ్చినను బ్రతుకుతెరువు దొరకలేదు. ఆటలాడు స్త్రీకి జీతమిచ్చు చోటు ఆనాడు లేదు. ఆమె నాటకశాలలలో నోటితో ఊదు హార్మోనికా వాయించెను. ఊరూర తిరిగి పురుషుల జట్టులతో బేస్‌బాల్ ఆడెను. కొందరు పత్రికలవారు ఆమె ఆడుదానివలె లేదని, మగరాయుడని పరిహసించిరి. పతకములు తెచ్చిన కండలనే తప్పుగా చూపిరి. ఇది ఆమె మనస్సునకు గట్టిగా తగిలెను.

అప్పుడామె గోల్ఫువైపు మరలెను. అరచేతులు బొబ్బలెక్కి రక్తము కారుచున్నను, కట్లు కట్టుకొని సాయంకాలమువరకు బంతులు కొట్టెడిది. పుట్టుకతో వచ్చిన నేర్పేకాని శ్రమ కాదని ఆమెనుగూర్చి కొందరు వ్రాసిరి, అది సరికాదు. 1935లో హ్యూస్టన్ నగరమున టెక్సాస్ రాష్ట్ర స్త్రీల పోటీ జరిగెను. క్లబ్బులోని కలవారి స్త్రీలు ఆమె రాకను సహింపలేదు. బండ్లు తోలువారి కూతుళ్ళు తమ పోటీకి రానక్కరలేదని అందొకామె బాహాటముగానే పలికెను. ఆమెయే తుదిపోటీలో బేబ్‌కు ఎదురైనది. ముప్పదినాలుగవ గుంటవద్ద బేబ్ బంతి నీరు నిలిచిన బండిజాడలో పడెను. అందుండి ఆమె ఒకే దెబ్బతో దానిని గుంటలో పడవేసి, ఆ పోటీని గెలిచెను.

గెలిచిన కొలదిదినములకే గోల్ఫు అధికార సంఘము ఒక తీర్పు చెప్పెను. ఆమె ఇతర క్రీడలలో ధనము తీసికొనినదికనుక ఔత్సాహికురాలు కాదనియు, అట్టి పోటీలలో ఇక ఆడరాదనియు ఆ తీర్పు. నియమము నియమమే కావచ్చును. కాని ఇంటివద్ద సిరిసంపదలున్నవారికే ధనము తీసికొనకుండ ఆడుట సాధ్యమను సంగతిని ఆ నియమము లెక్కింపలేదు. వృత్తిగా ఆడుదమన్నచో స్త్రీలకు పోటీలు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్నియే.

1938లో ఆమె సాహసించి లాస్ ఏంజెలిస్ నగరమున పురుషుల పోటీలోనే దిగెను. అందు గెలువలేదు. కాని అచ్చట ఆమెతో కలసి ఆడిన జార్జి జహారియస్ అను మల్లయోధుని ఆ యేడే డిసెంబరులో వివాహమాడెను. భర్త సంపాదన అండగా ఉండుటచే కొన్నేండ్లు ధనము ముట్టక వేచియుండి, 1943లో ఔత్సాహికురాలి హోదాను తిరిగి పొందెను. 1945లో పురుషుల పోటీలందు మరల ఆడి సగము ఆటవరకు నిలువగలిగెను. పురుషుల ప్రధాన పోటీలలో మరియొక స్త్రీ ఆడుటకు 2003వరకు వేచియుండవలసి వచ్చెను.

1946లో అమెరికా స్త్రీల ఔత్సాహిక విజేతయై, మరుసటి యేడు స్కాట్లండులోని గుల్లెన్ గ్రామమునకు బ్రిటిషు పోటీకై వెళ్ళెను. యుద్ధము ముగిసిన కొత్త. బట్టలు కొలతమీద ఇచ్చుచుండిరి. చలికి తగిన దుస్తులు ఆమెవద్ద లేవని తెలిసి, ఊరివారు తమ ఇండ్లనుండి ఉన్నివస్త్రములు తెచ్చి యిచ్చిరి. ఆమె ఆ పోటీని గెలిచెను. అంతకుముందు ఏ అమెరికా స్త్రీయు దానిని గెలిచియుండలేదు. అదే గ్రామమునందలి మ్యూర్‌ఫీల్డ్ మైదానపు క్లబ్బు స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు ఒప్పుకొనినది 2017లో! ఊరిలోని సామాన్యులు డెబ్బదియేండ్లకు పూర్వమే తెరచిన తలుపును క్లబ్బు పెద్దలు అప్పుడు తెరచిరి.

1947లోనే ఆమె వృత్తిక్రీడాకారిణి యయ్యెను. ఆడువారి పోటీలు చాలవని చూచి, బేబ్, ప్యాటీ బర్గ్ మొదలైన పదుమువ్వురు 1950లో స్త్రీల వృత్తి గోల్ఫు సంఘమును స్థాపించిరి. ఆ సంవత్సరము వారు ఆడిన అన్ని పోటీల బహుమతులును కలిపి సుమారు 50,000 డాలర్లు. సొంత కార్లలో ఊరినుండి ఊరికి బారులు తీరి పోవుట, మైదానమును తామే సిద్ధపరచుట, జనమును రప్పించుటకు ముష్టియుద్ధపు పోటీలకు వెళ్ళి ప్రకటనలు చేయుట, అన్నియు వారి పనియే. జనము మాత్రము బేబ్‌ను చూచుటకు వచ్చెడివారు. ఆ సంగతి ఆమెకును తెలియును. ఆమె అణకువ గల మనిషి కాదు. ఆటకు ముందే తన గెలుపును చాటుకొనెడిది. తోడివారికంటె తనకు ప్రత్యేకముగా సొమ్ము కావలెననెడిది. ఇది కొందరికి కష్టము కలిగించినను, ఆమె రాక లేనిదే టిక్కెట్లు అమ్ముడుపోవని వారికిని తెలియును. ఆ సంఘమున నల్లజాతి స్త్రీ ఆడుటకు మాత్రము 1964లో ఆల్థియా గిబ్సన్ వచ్చువరకు ఆగవలసి వచ్చెను. బెంగుళూరున పుట్టి, 2021లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమున నిలిచిన అదితి అశోక్ కూడ ఆ సంఘపు పోటీలలో ఆడినదే.

1953 ఏప్రిలులో బేబ్‌కు ప్రేగులలో పుట్టకురుపు ఉన్నట్లు తేలెను. బోమాంట్‌లో శస్త్రచికిత్స చేసి, పొట్టకు రంధ్రము చేసి మలమార్గమును మార్చిరి. ఇక పెద్ద పోటీలలో ఆడజాలదని వైద్యులు తలచిరి. వ్యాధి అప్పటికే వ్యాపించినదని భర్తకు చెప్పిరికాని ఆమెకు చెప్పలేదు. ఆ రోజులలో పుట్టకురుపు పేరు నలుగురిలో పలుకుటకే జనము జంకువారు, రోగమును దాచుకొనువారు. బేబ్ దాచలేదు. తనకు వచ్చినదేమో పత్రికలవారికి స్పష్టముగా చెప్పెను. మూడునెలలు దాటి కొన్నిదినములకే మరల పోటీకి వచ్చెను. దేశమునలుమూలలనుండి రోగులు ఆమెకు ఉత్తరములు వ్రాసిరి.

1954 జూలైలో మసాచుసెట్స్ రాష్ట్రమున అమెరికా స్త్రీల ఓపెన్ పోటీ జరిగెను. చివరిదినమున రెండు ఆటలు, అనగా ముప్పదియారు గుంటలు, నడచి ఆడవలెను. ఆరోగ్యవంతులకే అది అలసట. ఆమె పన్నెండు దెబ్బల తేడాతో గెలిచెను. ఆ పోటీని ఆమె గెలుచుట అది మూడవసారి. 1948లోను, 1950లోను అంతకుముందు గెలిచియుండెను.

1955లో రెండు పోటీలు గెలిచిన పిమ్మట వ్యాధి తిరుగబెట్టెను. ఆ యేడే భార్యాభర్తలు పుట్టకురుపు రోగుల చికిత్సకై ఒక నిధి నెలకొల్పిరి. 1956 సెప్టెంబరు 27న టెక్సాస్‌లోని గాల్వెస్టన్ ఆసుపత్రిలో, నలువదియైదవ యేట, బేబ్ కన్నుమూసెను. ఆమెను బోమాంట్‌కు తీసికొనిపోయి సమాధి చేసిరి.