రాడ్ సెర్లింగ్

నేటి బాలబాలికలు టెలివిజన్ నాటకమును తమకు వీలైనప్పుడు చూచుచున్నారు. నచ్చినచో మరల చూచుచున్నారు. 1950 ప్రాంతమున అమెరికాలో అట్లు కాదు. నటులు కెమెరా యెదుట ఆడుచుండగా ఆ క్షణముననే ఇంటింట జనులు చూచెడివారు. ఆట ముగిసెనా, నాటకము గాలిలో కలిసినట్లే. అట్టి దినములలో కలము పట్టి పేరుగాంచిన రాడ్ సెర్లింగ్ చరిత్రమును మేమిచట చెప్పదలచితిమి.

ఆయన 1924 డిసెంబరు 25వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి సిరక్యూస్ నగరమున ఒక యూదు కుటుంబములో జన్మించెను. బింగ్‌హామ్టన్ అను చిన్న పట్టణమున పెరిగెను. 1943లో ఉన్నత పాఠశాల చదువు ముగియగానే సైన్యమున చేరి, విమానమునుండి పారాచూటుతో దుముకు దళమున శిక్షణ పొందెను. పొట్టివాడైనను ముష్టియుద్ధములకు దిగి ముక్కు పగులగొట్టుకొనెను.

ఫిలిప్పీన్ దీవులలోని లేటే యుద్ధము ఆయనను మార్చివేసెను. ఆకలిగొన్న సైనికులకై విమానమునుండి జారవిడిచిన ఆహారపు పెట్టె మీదపడి ఆయన మిత్రుడొకడు కన్నులయెదుటనే మరణించెను. తానును గాయపడెను. 1945లో తండ్రి మరణింపగా అంత్యక్రియలకు పోవుటకు సెలవు దొరకలేదు. ఈ జ్ఞాపకములు జీవితాంతము ఆయన నిద్రను చెరచెను. ఆయన కథలలో మృత్యువు అకారణముగ, వేళాకోళమువలె వచ్చుట పలుమారు కనబడును. దానికి మూలమిదియేయని మా తలంపు.

యుద్ధానంతరము ఒహాయో రాష్ట్రములోని ఆంటియాక్ కళాశాలలో చదివెను. డబ్బు కొరకై కొత్త పారాచూట్లను పరీక్షించుటకు అప్పుడును దుమికెడివాడు! 1948లో తోడి విద్యార్థినియైన కారోల్ క్రేమర్‌ను వివాహమాడెను. సిన్సినాటి రేడియోలో ఉద్యోగము చేయుచునే నాటకములు వ్రాసి పంపెడివాడు. అనేకములు తిరిగివచ్చెను.

1955 జనవరిలో ప్రసారమైన 'పాటర్న్స్' ఆయన దశను మార్చెను. ఒక పెద్ద కంపెనీలో వృద్ధుడైన అధికారిని వేధించి వెళ్లగొట్టజూచు కథ యిది. జనులెంతగ మెచ్చిరనగా మరుసటి నెలలోనే నటులు దానిని మరల ఆడవలసివచ్చెను. 1956లో ఒక ముసలి మల్లుని గూర్చి వ్రాసిన నాటకము మరింత కీర్తి తెచ్చెను. పగిలిన ముక్కు వృథాపోలేదు.

అయినను ఆయన మనస్సున శాంతి లేదు. 1955లో మిసిసిపీ రాష్ట్రమున ఎమెట్ టిల్ అను పదునాలుగేండ్ల నల్లజాతి బాలుని శ్వేతజాతీయులు చంపిరి. ముద్దాయిలను న్యాయస్థానము విడిచిపుచ్చెను. సెర్లింగ్ ఆ ఘోరము నాధారముగ గొని నాటకము వ్రాసెను. ప్రకటనదారులు జంకిరి. హతుడెవ్వడో తెలియని పరదేశిగ మారెను. కథాస్థలము దక్షిణమునుండి న్యూ ఇంగ్లండుకు తరలెను. దక్షిణదేశమును స్ఫురింపజేయునని కోకాకోలా సీసాలను సైతము రంగమునుండి తీసివేసిరి. 1956లో ప్రసారమైనది పేరునకే ఆయన నాటకము.

అప్పుడాయన వేరొక త్రోవ త్రొక్కెను. మనుష్యుల మాటలను కొట్టివేయువారు అన్యగ్రహవాసుల మాటలను పట్టించుకొనరని గ్రహించెను. 1959 అక్టోబరు 2వ తేదీన 'ట్విలైట్ జోన్' ఆరంభమయ్యెను. మన భాషలో మునిమాపు సీమ యనవచ్చును. దాని నిర్మాణభారమును వహించి, ప్రతి కథకు తానే ప్రస్తావన చెప్పెడివాడు. 1964 వరకు సాగిన 156 కథలలో 92 ఆయన వ్రాసినవే. అంత వేగమున వ్రాసినవన్నియు సమానముగ నుండలేదని మేమును ఒప్పుకొందుము.

మాకు మిక్కిలి నచ్చినది 1960లో వచ్చిన మేపుల్ వీధి కథ. ఒక సాయంకాలము ఆ వీధిలో దీపములారిపోవును, కార్లు నడువవు. అన్యగ్రహవాసులు మనలోనే యున్నారేమోయని ఒక బాలుడనును. అంతే! నిన్నటివరకు చక్కెర బదులిచ్చుకొన్న ఇరుగుపొరుగువారు ఒకరినొకరు అనుమానింతురు. తుదకు చీకటిలో నడచివచ్చు తమ పొరుగువానినే కాల్చి చంపుదురు. నిజముగ వచ్చిన అన్యగ్రహవాసులు కొండపై నిలిచి చూచుచుందురు. వారు చేయవలసినదేమియు మిగులలేదు. ప్రకటనదారులు దీనినొక వింతకథయని ఊరకుండిరి.

ఈ నాటకములపై తనకున్న హక్కును సెర్లింగ్ సి.బి.యస్. సంస్థకు అమ్మివేసెను, తరువాతి పునఃప్రసారముల లాభము ఆయనకు దక్కలేదు. 1970 నుండి 1973 వరకు 'నైట్ గ్యాలరీ'కి వ్రాసెనుగాని, అందు ఆయన మాట చెల్లలేదు. ఇథాకా కళాశాలలో విద్యార్థులకు రచన నేర్పుటయందు ఆయనకు కొంత తృప్తి కలిగియుండును. సిగరెట్లు మాత్రము మానలేదు. 1975 జూన్ 28వ తేదీన రోచెస్టరులో, గుండెకు శస్త్రచికిత్స జరిగిన పిమ్మట, 50 ఏండ్ల వయస్సున మరణించెను. కయూగా సరస్సు పేరనే ఆయన తన నిర్మాణ సంస్థను స్థాపించియుండెను. ఆ సరస్సునకు చేరువనున్న ఇంటర్‌లాకెన్ గ్రామమున ఆయన సమాధి కలదు.