బడిపిల్లల భాషకై పాటుపడిన గిడుగు రామమూర్తి పంతులు గారు

పల్లెటూరి గ్రంథాలయమున రైతుబిడ్డ ఒక పుస్తకము తీసి, మరియొకరి సహాయము లేకుండ చదువుకొని పోవుచున్నాడన్నచో, ఆ భాగ్యము వెనుక కొందరు మహనీయుల జీవితకాలపు శ్రమ ఉన్నది. వారిలో గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు ముందుగా స్మరింపదగినవారు. పండితులతో వాదించిన భాషావేత్తగా లోకము వారిని ఎరుగును. కాని ఆ వాదమునకు మూలము బడిలోనే ఉన్నది. విద్యార్థి చేతికి ఇచ్చు పుస్తకము ఎంత కఠినముగా ఉండవలెను? ఆ కాఠిన్యము విషయములో ఉండవలెనా, మాటలలో ఉండవలెనా? వారిని జీవితాంతము వెంటాడిన ప్రశ్న ఇది.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించినారు. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. 1875లో తండ్రి గతించుటతో విజయనగరమున మేనమామ గారి ఇంట ఉండి మహారాజావారి పాఠశాలలో చదువుకొన్నారు. గురజాడ అప్పారావు గారు అక్కడ వారికి సహాధ్యాయులు. 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులై, మరుసటి ఏట 30 రూపాయల జీతముపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర బోధించు ఉపాధ్యాయులుగా ప్రవేశించినారు.

వారు సులభమైన చదువును వెదకినవారు కారు. శ్రీముఖలింగ దేవాలయపు శాసనములను చదువుటకై ప్రాచీన లిపులను స్వయముగా అభ్యసించినారు. పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో నివసించు సవరల భాష నేర్వవలెనన్న కోరికతో, ఆ భాష తెలిసిన ఒకనిని ఇంటనే ఉంచుకొని ఏండ్ల తరబడి సాధన చేసినారు. ఆ కొండలలో తిరుగుటవలన మలేరియా సోకినది. దానికి వాడిన క్వినైను వారి వినికిడిని హరించినది. అయినను సవర భాషలో వాచకములు రచించి, సొంత ధనముతో ఉపాధ్యాయులకు జీతములిచ్చి, ఆ బిడ్డలకు వారి మాటలోనే అక్షరము నేర్పించినారు. సవర బిడ్డకు తెలుగు వాచకము అర్థము కానట్లే, తెలుగు బిడ్డకు తెలుగు వాచకమే అర్థము కాకుండుటను వారు తమ చుట్టును చూచినారు.

ఆ దినములలో బడులలో గద్యమునకు ఒరవడి 1853లో వెలువడిన చిన్నయసూరి గారి నీతిచంద్రిక. అందలి కథలు పంచతంత్రమునుండి వచ్చినవి. నక్కలును కాకులును చిన్నపిల్లలకు పాత చుట్టములే. కథ తేలిక, భాష కఠినము. బాలుడు కథను వదలి అర్థములను వల్లె వేయవలసి వచ్చెడిది. చరిత్ర, భూగోళము వంటి పాఠములలోను ఇదే స్థితి. బుద్ధికి పని చెప్పవలసిన పుస్తకము జ్ఞాపకశక్తికి బరువై కూర్చున్నది.

సుమారు 1907 ప్రాంతమున పాఠశాలల పర్యవేక్షకులుగా వచ్చిన యేట్సు దొర, జనులు మాట్లాడు తెలుగునకును పుస్తకపు తెలుగునకును ఇంత దూరమేల అని విచారించినారు. విశాఖపట్టణపు కళాశాల అధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ వారు, గిడుగు వారు ఆ విచారమును ఉద్యమముగా మలచినారు.

ప్రతిపక్షము వారి భయము కూడ అల్పమైనది కాదు. జిల్లాకొక యాస ఉన్న దేశములో బడిభాష సడలినచో అందరికి సమానమైన భాష నిలుచునా? వాడుక మాటకు అలవడిన బాలుడు రేపు భారత భాగవతములను అందుకొనగలడా? జయంతి రామయ్య పంతులు గారి వంటి విద్వాంసులు ఈ ప్రశ్నలను చిత్తశుద్ధితోనే లేవదీసినారు. 1911లో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు వారికి అండగా నిలిచినది.

ఆ ఏటనే పంతులు గారు ఉద్యోగము విరమించి, తమ శేషజీవితమును ఈ వాదమునకే అర్పించినారు. ప్రాచీన కావ్యములను బడినుండి తొలగింపుమని వారు కోరలేదు. కావ్యమును గురువు సాయముతో చదువవలెను, ఆనందింపవలెను. బాలుడు తన భావమును వ్రాయుటకును, శాస్త్రవిషయములను నేర్చుటకును మాత్రము శిష్టుల వాడుకభాష ఉండవలెను. ఇది వారి సిద్ధాంతము. పూర్వులు కూడ వాడుకమాటలో గద్యము వ్రాసినారని చూపుటకు పాతగ్రంథములను గాలించి గద్యచింతామణిని కూర్చినారు. గ్రాంథికమును శాసించు పండితులే దానిని తప్పులేకుండ వ్రాయలేకపోవుటను ఉదాహరణలతో నిరూపించినారు. పెద్దలకే పట్టుబడని భాషను పిల్లలకు పరీక్షగా పెట్టుట న్యాయము కాదని వారి వాదము.

ఫలితము వెంటనే చేకూరలేదు. మదరాసు విశ్వవిద్యాలయము నియమించిన సంఘములో 1914లో గురజాడ వారు అసమ్మతి పత్రము సమర్పించినను, గ్రాంథికమే నిలిచినది. మరుసటి ఏట గురజాడ వారు కన్నుమూసినారు. పంతులు గారు వెనుదీయలేదు. 1919లో తెలుగు అను మాసపత్రికను నడపినారు. ఆ ఏటనే వెలసిన వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజమునకు కందుకూరి వీరేశలింగము గారు అధ్యక్షులైనారు. గ్రాంథికమున ఎన్నో గ్రంథములు వ్రాసిన ఆ వృద్ధుడు ఈ పక్షమునకు వచ్చుట గొప్ప విజయము.

1931లో వారి సవర వ్యాకరణము వెలువడినది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున చేరగా, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఆ ఊరిని విడిచి రాజమహేంద్రవరము చేరినారు. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించినది. 1940 జనవరి 22న పరమపదించినారు. కాలక్రమమున పాఠ్యపుస్తకములు వారు కోరిన భాషలోనికే వచ్చినవి. వారి జన్మదినము నేడు తెలుగు భాషా దినోత్సవము.

చదువరులారా, మన గ్రంథాలయపు బీరువాలలో బాలల కథయు, మహాభారతమును పక్కపక్కనే ఉన్నవి. మొదటిది బాలుని చేయి పట్టుకొనును. రెండవది వానిని పైకి రమ్మని పిలుచును. రెండింటికిని చోటు కలదు. ఏ మెట్టుపై ఉన్నవానికి ఏ పుస్తకము అందింపవలెనో ఎరిగి అందించుట పెద్దల పని. పంతులు గారికి మనము చెల్లింపగల ఋణము అదియే.