కార్మిక మంత్రి సంజీవయ్య: దండల కింద మరుగైన సగం జీవితం

దామోదరం సంజీవయ్య పేరు చెప్పగానే మనవాళ్లకు గుర్తొచ్చేది ఒక్కటే: దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి. ఫిబ్రవరి 14 వస్తే విగ్రహానికి దండ వేస్తాం, ఆయన నిజాయితీ గురించి నాలుగు మాటలు చెప్పుకుంటాం, ఇళ్లకు వెళ్లిపోతాం. రెండుసార్లు కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేశారన్న సంగతి ఆ నాలుగు మాటల్లోకి రాదు. వానలు మొహం చాటేసి, వేరుశనగ చేతికి రాక, కంబదూరు, కుందుర్పి పల్లెల నుంచి పావగడ మీదుగా బెంగళూరు చేరి బైకు మీద అన్నం పొట్లాలు మోస్తున్న కుర్రవాళ్లకు ఆయన జీవితంలో కావలసిన భాగం అదే.

1921లో కర్నూలు దగ్గర పెద్దపాడులో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తల్లి సుంకులమ్మ, తండ్రి మునయ్య. పసిగుడ్డుగా ఉన్నప్పుడే తండ్రి పోయారు. సెంటు భూమి లేని ఇల్లు. నేత నేసి, కూలికి పోయి బతికారు. కర్నూలులో హైస్కూలు చదువు అయ్యాక అనంతపురం వచ్చి దత్తమండల కళాశాలలో చేరారు. గణితం చదివి 1942లో బీఏ పూర్తిచేశారు. అనంతపురం కరువు ఆయనకు పుస్తకాల్లో చదివిన సంగతి కాదు, చదువుకునే రోజుల్లో కళ్లారా చూసిందే.

డిగ్రీ చేతికొచ్చినా వెంటనే దొరికినవి తాత్కాలిక ఉద్యోగాలే. యుద్ధకాలం కదా, కర్నూలు రేషనింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేశారు. కొన్నాళ్లు బళ్లారిలో తాత్కాలిక ఇన్స్పెక్టరు. ఎప్పుడు పొమ్మంటారో తెలియని కొలువు ఎలా ఉంటుందో అనుభవంలోకి వచ్చింది అప్పుడే. తర్వాత మద్రాసు లా కాలేజీ, 1950లో వకీలు పట్టా, అదే ఏడాది తాత్కాలిక పార్లమెంటులో సభ్యత్వం. అక్కడి నుంచి మంత్రి పదవులు వరసగా వచ్చాయి.

1960 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి నలభై ఏళ్లు నిండలేదు. నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఢిల్లీ వెళ్లడంతో ఖాళీ అయిన కుర్చీ అది. పెద్ద కులాల ముఠాలు తమలో తాము తేల్చుకోలేక, ఎవరికీ అడ్డురాడనుకుని ఈయన్ని కూర్చోబెట్టాయన్నది దాచిపెట్టాల్సిన సంగతేమీ కాదు. 1962 ఎన్నికల తర్వాత సంజీవరెడ్డి తిరిగొచ్చారు, సంజీవయ్య కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఢిల్లీ వెళ్లారు. ఆ రెండేళ్లలోనే వృద్ధాప్య పింఛను మొదలైంది, అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది, బంజర్లు పేదలకు పంచారు. కుర్చీని కాపలా కాయమన్నవాళ్లు ఇవన్నీ ఊహించి ఉండరు.

నెహ్రూ మరణం తర్వాత 1964 జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి ఆయనకు కార్మిక శాఖ ఇచ్చారు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో అంబేడ్కర్ చూసిన శాఖ, స్వతంత్రం వచ్చాక జగ్జీవన్‌రామ్ తొలి మంత్రిగా చేసిన శాఖ. ఆర్థికం, హోం మనకు ఇవ్వరు, కార్మికం ఇస్తారు అని కొందరు అంటారు. నిజమే కావచ్చు. అయితే ఈ ముగ్గురూ ఆ శాఖను అలంకారంగా తీసుకోలేదు.

సంజీవయ్య వచ్చేనాటికి బల్ల మీద బోనస్ తగాదా ఉంది. లాభం వచ్చినప్పుడు యజమాని దయతలచి ఇచ్చేదా, లేక కార్మికుడి హక్కా అన్నది ప్రశ్న. మెహెర్ అధ్యక్షతన వేసిన బోనస్ కమిషన్ 1964 జనవరిలో నివేదిక ఇచ్చింది. యజమానులు ఒకవైపు, యూనియన్లు మరోవైపు లాగారు. 1965 మేలో ఆర్డినెన్సు, సెప్టెంబరులో చట్టం వచ్చాయి. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట ఏడాది జీతంలో కనీసం 4 శాతం బోనస్, గరిష్ఠంగా 20 శాతం. లాభం రాని ఏడాదీ ఆ కనీసం ఇవ్వాల్సిందే. అసలు కీలకం ఇక్కడుంది. నష్టం వచ్చిందని చెప్పి చేతులు దులుపుకునే దారి మూసేశారు. యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1966లో కోర్టు కొన్ని సెక్షన్లను కొట్టేసినా కనీస బోనస్‌ను మాత్రం నిలబెట్టింది. ఆ 4 శాతం తర్వాతి కాలంలో 8.33 అయింది.

1970 ఫిబ్రవరిలో మళ్లీ కార్మిక శాఖ చేతికొచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికుల క్రమబద్ధీకరణ, రద్దు చట్టం వచ్చింది. బిల్లు 1967 నుంచీ నలుగుతూనే ఉంది. దాన్ని ఒక్కరి సొత్తుగా చెప్పడం సరికాదు, ముగించింది ఆయన హయాం అనడం సరి. డెలివరీ పిల్లలు తెలుసుకోవలసింది ఆ చట్టం లోపలి పనితీరు. రెక్కల కష్టం ఫ్యాక్టరీకి, పేరు మాత్రం మేస్త్రీ పుస్తకంలో. కూలి ఎగ్గొడితే ఫ్యాక్టరీ వాడు మేస్త్రీని చూపిస్తాడు, మేస్త్రీ కనపడడు. ఆ ఆటను ఆపడానికి చట్టం ప్రధాన యజమాని అనే మాటను పట్టుకుంది. కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోతే పని చేయించుకున్న ప్రధాన యజమానే ఇవ్వాలి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవాలి. జీతం పంచేటప్పుడు ప్రధాన యజమాని మనిషి దగ్గరుండి చూడాలి. తాగునీరు, మరుగుదొడ్డి, ప్రథమ చికిత్స పెట్టె కాంట్రాక్టర్ ఏర్పాటు చేయకపోతే అదీ ప్రధాన యజమాని మెడకే. ఒకే పనికి ఒకే జీతం అన్న మాట 1971 నిబంధనల్లోకి ఎక్కింది.

అమలు వేరే కథ. ఆ చట్టం కాపాడాల్సిన వాళ్లలో మున్సిపాలిటీల్లో చీపురు పట్టినవాళ్లు, కాలువలు తీసినవాళ్లు ఉన్నారు. వాళ్లెవరో ఏ వాడ నుంచి వచ్చారో చెప్పనక్కర్లేదు. ఏళ్ల తరబడి అదే రోడ్డు ఊడ్చినా కాంట్రాక్టు కార్మికులుగానే ఉండిపోయారు. కాంట్రాక్టు పద్ధతి రద్దయినంత మాత్రాన కార్మికుడు దానంతటదే పర్మనెంటు కాడని 2001లో సుప్రీంకోర్టు తేల్చింది. రద్దు అన్న మాట పేరులో మిగిలింది. రద్దు చేసే అధికారాన్ని పూర్తిగా ప్రభుత్వం చేతిలో పెట్టడం ఆ చట్టం పుట్టుకతో వచ్చిన లోపం, దాన్ని సంజీవయ్య ఖాతాలోనూ వేయాలి.

ఇప్పుడు బెంగళూరు రోడ్డు మీదికి వద్దాం. పాత కాంట్రాక్టు కూలీకి కనీసం మేస్త్రీ ఉండేవాడు. డెలివరీ కుర్రవాడికి యాప్ ఉంటుంది. బండి తనదే, పెట్రోలు తనదే, ఫోను తనదే. ఆర్డరుకు ఎంత ఇవ్వాలో యాప్ నిర్ణయిస్తుంది, రేటు తగ్గిస్తే అడగడానికి మనిషి ఉండడు, ఐడీ బ్లాక్ అయితే ఆ రోజుతో కొలువు అయిపోయినట్టే. అయినా వాడు కార్మికుడు కాడట, భాగస్వామి అట. మేస్త్రీ పుస్తకంలోనైనా పేరు ఉండేది. ఇక్కడ కార్మికుడన్న పేరే లేదు. నీతి ఆయోగ్ 2022 నివేదిక లెక్కలో ఇలాంటివాళ్లు 2020–21 నాటికే 77 లక్షలు, 2029–30కి 2.35 కోట్లు అవుతారని అంచనా.

2020 సామాజిక భద్రతా కోడ్ గిగ్ కార్మికుడన్న మాటను మొదటిసారి కేంద్ర చట్టంలోకి తెచ్చింది. కంపెనీలు ఏడాది టర్నోవరులో 1 నుంచి 2 శాతం నిధికి కట్టాలి, కార్మికులకు ఇచ్చే మొత్తంలో 5 శాతం దాటకూడదు. అయితే వీళ్లను యజమాని, ఉద్యోగి సంబంధానికి బయటే నిలబెట్టింది. బయట ఉన్నవాడికి కనీస వేతనం లేదు, బోనస్ లేదు. కర్ణాటక 2025లో సొంత చట్టం చేసుకుంది: ప్రతి చెల్లింపు మీద 1 నుంచి 5 శాతం సంక్షేమ రుసుము, తీసేయాలంటే కారణం చెప్పి 14 రోజుల నోటీసు. కంబదూరు కుర్రవాడు బెంగళూరులో బండి నడుపుతుంటే ఈ చట్టం వాడికీ వర్తిస్తుంది, నమోదు చేయించుకోవాలి. ఆర్డరుకు కనీసం ఇంత ఇవ్వాలని మాత్రం అందులోనూ లేదు. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బయటపెట్టింది. అక్కడ గిగ్ కార్మికుల యూనియన్ ఏళ్లుగా రోడ్డెక్కకపోతే అదీ వచ్చేది కాదు.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1965 బోనస్ చట్టం, 1970 కాంట్రాక్టు చట్టం రెండూ ఆ రోజుతో వాటిలో కలిసిపోయాయి. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించే సంఖ్య 20 నుంచి 50కి పెరిగింది. నలభై మందిని పెట్టుకునే కాంట్రాక్టర్ ఇప్పుడు ఆ గీతకు అవతల ఉన్నాడు. సంజీవయ్య పేరు మీద పార్కు, లా యూనివర్సిటీ, విద్యుత్ కేంద్రం ఉన్నాయి. ఆయన మంత్రిగా ఉండగా వచ్చిన రెండు చట్టాలు రద్దయిన రోజు మనలో ఎంతమందిమి గమనించామో.

1972 మేలో, కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉండగానే ఢిల్లీలో చనిపోయారు. వయసు 51. చెప్పుకోదగ్గ ఆస్తి లేదు. 1970లో అచ్చయిన, కార్మిక సమస్యల మీద ఇంగ్లిషులో రాసిన పుస్తకం ఒకటి ఉంది. జయంతి సభకు వచ్చే విద్యార్థులు ఈసారి దండతో పాటు ఆ పుస్తకాన్నీ, ప్రధాన యజమాని గురించి చెప్పిన 21వ సెక్షన్‌నూ తెచ్చుకుంటే, యాప్ కంపెనీని ఆ మాటతో ఎలా పిలవాలో కూర్చుని మాట్లాడుకోవచ్చు.