వజ్రకాంతిని శోధించిన సర్ సి. వి. రామన్

శ్రీ చంద్రశేఖర వేంకట రామన్ గారు 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి వద్ద జన్మించిరి. తండ్రిగారు విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులగుటచే వీరి బాల్యవిద్య మన తెలుగునేలపైననే సాగెను. పదునొకండవ యేట మెట్రిక్యులేషను ముగించి, పిదప మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలయందు 1907లో ఎం.ఏ. పట్టమందిరి.

ఆ వత్సరముననే కలకత్తాలో సహాయ అకౌంటెంటు జనరలుగా నియమితులైరి. పగలు ప్రభుత్వపు జమాఖర్చులు చూచుచు, ఉదయ సాయంకాలములు బౌబజారులోని విజ్ఞానసంఘమున శోధనలు సల్పిరి. 1917లో ఆ పెద్ద యుద్యోగమును విడిచి, తక్కువ జీతమునకు ఆచార్యపదవి స్వీకరించిరి. 1928 ఫిబ్రవరి 28న, పదార్థముచే చెదరిన కాంతిలో కొంతభాగము తన వర్ణమును మార్చుకొనునని కనుగొని, 1930లో నోబెల్ బహుమానము నందిరి. ఇది లోకవిదితము.

1933లో బెంగుళూరు చేరిన పిమ్మట వీరి దృష్టి వజ్రములపై నిలిచెను. అతినీలలోహిత కిరణములు సోకినచో కొన్ని వజ్రములు నీలముగను, కొన్ని పచ్చగను వెలుగును. కొన్ని వెలుగనే వెలుగవు. అన్నియు బొగ్గునకు మూలమైన కర్బనమే కదా, ఈ భేదమేల? శిష్యురాలు కుమారి అన్నా మణి ముప్పదికి పైగా వజ్రముల వెలుగును పరీక్షించెను. ఒక్కొక్క ఛాయాచిత్రమునకు పదునైదు, ఇరువది గంటలు పట్టుటచే రాత్రులు ప్రయోగశాలయందే గడపెను.

ఆ వెలుగు వజ్రమునకు సహజగుణమనియు, పరద్రవ్యము కారణము కాదనియు రామన్ గారు నిశ్చయించిరి. ఇచ్చట వారు పొరబడిరి. మహనీయుల పొరపాటును మరుగుపరచుట గౌరవము కానేరదు. 1959లో అమెరికా శాస్త్రజ్ఞులు పెక్కు వజ్రములందు నత్రజని యున్నట్లు నిరూపించిరి. పరమాణువుల కూర్పులోని లోపములే ఆ వెలుగునకు మూలమని క్రమముగా తేలెను.

మన రత్నశాస్త్రములు బిందువు, రేఖ మున్నగు వజ్రదోషములను చెప్పినవి. ఇది కంటికగపడని దోషము: ఒక కర్బన పరమాణువు తావున నత్రజని పరమాణువు చేరును, దాని ప్రక్కతావు శూన్యముగా నుండును. అచ్చట ఆకుపచ్చని కాంతి పడినచో ఎఱ్ఱని కాంతి వెలువడును. 1997లో జర్మనీయం దట్టి దోషము నొక్కదానినే విడిగా చూడగలిగిరి. అది కాంతికణములను ఒకదాని వెనుక నొకటిగా విడుచునని 2000లో ఋజువయ్యెను. 2015లో హాలెండులోని డెల్ఫ్టు నగరమున 1.3 కిలోమీటర్ల యెడముగల రెండు వజ్రములలోని యిట్టి దోషములను కాంతికణముల మూలమున పరస్పర బద్ధములను జేసిరి. రహస్యవార్తల యంపకమునకును, సూక్ష్మమైన అయస్కాంతబలమును కొలుచుటకును ఈ దోషములను వినియోగించు కృషి నేడు సాగుచున్నది. వర్తకుడు రోసిన దోషమే శాస్త్రజ్ఞునకు దీపమైనది!

రామన్ గారు 1954లో భారతరత్న బిరుదము నంది, 1970 నవంబరు 21న బెంగుళూరులో దివంగతులైరి. వారు చెప్పిన కారణము నిలువలేదు. వారు లేవదీసిన ప్రశ్న నిలిచినది. మన గ్రంథాలయమునకు వచ్చు యువకులు పెద్దల గ్రంథములను భక్తితో చదువుదురుగాక. చదివినదానిని ప్రశ్నించుటకు వెనుదీయకుందురుగాక.