బ్రౌన్ దొర తెలుగు చదువు

కొత్త భాషను సొంతంగా నేర్చుకోదలచినవానికి మంచి వ్యాకరణం, నిఘంటువు, తప్పులు లేని గ్రంథాలు కావాలి. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు చదువు మొదలుపెట్టిన కాలంలో ఈ మూడింటిలో ఏదీ ఆయన అవసరాన్ని పూర్తిగా తీర్చలేదు. లేనివాటిని తానే సమకూర్చుకోవడంలో ఆయన జీవితంలో అధిక భాగం గడిచిపోయింది.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. 1817లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసుకు వచ్చిన బ్రౌన్, అక్కడి ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చుకొన్నాడు. 1820లో పరీక్ష నెగ్గి, కడప కలెక్టరుకు సహాయకుడిగా నియమితుడయ్యాడు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మొదలైన ప్రాంతాలు ఆ కలెక్టరు పాలనలోనివే. రైతులతో మాట్లాడాలన్నా, వారి అర్జీలను అర్థం చేసుకోవాలన్నా తెలుగు రాక తప్పదు. కానీ పరీక్షకు చదివిన తెలుగు ఒకటి, కచేరీలో వినవచ్చే తెలుగు మరొకటి. జమాబందీ, ఫైసలా, దస్తావేజు వంటి అన్యదేశ్యాలు అందులో విరివిగా ఉండేవి. పండితులు చిన్నచూపు చూసిన ఇటువంటి మాటలను బ్రౌన్ వదలలేదు. 1854లో ప్రకటించిన మిశ్రభాషా నిఘంటువులో వాటికి అర్థాలు చెప్పాడు.

కావ్యాల దగ్గర మరొక చిక్కు ఎదురైంది. ఛందస్సు తెలియనిదే పద్యం లోతు తెలియదు. తనవంటి విదేశీయునికి ఆ ఛందస్సును సులభంగా బోధించే పుస్తకం లేదు. పండితులను అడిగి, పద్యాలను పరిశీలించి, తాను గ్రహించిన నియమాలను గ్రంథంగా కూర్చి 1827లో వెలువరించాడు. నేర్చుకొంటున్న దశలోనే ఇతరులకు ఉపయోగపడే పుస్తకం రాయడం సాహసమే. అయితే కొత్తగా నేర్చేవాడు ఎక్కడ తడబడతాడో పండితునికంటే ఆయనకే బాగా తెలుసు.

వేమనను గురించి బ్రౌన్ మొదట ఫ్రెంచి మతాచార్యుడు దుబాయ్ గ్రంథంలో చదివాడు. 1824లో మచిలీపట్నంలో ఉండగా వేమన పద్యాల తాళపత్ర ప్రతులు సేకరించసాగాడు. ఏ రెండు ప్రతులూ ఒకేలా లేవు. ఒక దానిలో ఉన్న పద్యం మరొకదానిలో లేదు; ఉన్నా మాటలు వేరు. లేఖకుల ప్రమాదాలు తరతరాలుగా పేరుకుపోయాయి. అందుచేత బ్రౌన్ ఒకే గ్రంథానికి అనేక ప్రతులు తెప్పించి, పక్కపక్కన ఉంచి, భేదాలను గుర్తించి, పండితులతో చర్చించి సరైన పాఠాన్ని నిర్ణయించేవాడు. నేడు కంప్యూటరు భాషను సొంతంగా అభ్యసించే విద్యార్థి ఇతరులు రాసిన ప్రోగ్రామును వరుస వెంట వరుస పరిశీలించి, పొరపాటు ఎక్కడ దొర్లిందో వెదకి పట్టుకోవడం ఇటువంటి పనియే. తాను ఎంచిన వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో 1829లో ప్రచురించాడు.

1826లో తిరిగి కడపకు వచ్చిన తరువాత ఆయన అక్కడ ఒక బంగళా కొని, పండితులను, లేఖకులను నియమించాడు. జనం దానిని బ్రౌన్ కళాశాల అనేవారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ పనులను పర్యవేక్షించాడు. జీతాలు, తాటాకులు, కాగితాలు, అన్నింటి ఖర్చూ బ్రౌన్‌దే. జీతం చాలక అప్పులపాలయ్యాడు. అయినా లేఖకులను మాన్పించలేదు. శిథిలమవుతున్న తాళపత్రాలు తన అప్పులు తీరేదాకా ఆగవని ఆయనకు తెలుసు. జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో మనుచరిత్రను అచ్చువేయించింది చాలా కాలం తరువాత, 1851లో.

1835లో ఇంగ్లండు వెళ్లినప్పుడు కూడా ఈ వ్యాసంగం ఆగలేదు. లండనులోని కంపెనీ గ్రంథాలయంలో పడివున్న దక్షిణాది భాషల తాళపత్రాలను గుర్తించి, వాటిని మద్రాసుకు పంపించే ఏర్పాటు చేశాడు. తాను సేకరించిన వేలాది ప్రతులను 1845లో మద్రాసు సాహిత్య సంఘానికి అప్పగించాడు. 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. కడపలో అడుగుపెట్టిననాడు చేతిలో లేని పుస్తకం పూర్తి కావడానికి ముప్పై రెండేళ్లు పట్టింది.

ఉద్యోగ విరమణానంతరం లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా పనిచేసి, బ్రౌన్ 1884 డిసెంబరు 12న మరణించాడు. కడపలో ఆయన బంగళా ఉండిన స్థలంలో ఆయన పేరిట గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం వెలిశాయి.